స్వెటర్ కింద ఫ్రెంచ్ కఫ్: ఒక నిషేధం పుట్టుపూర్వోత్తరాలు

నేను బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు విదేశంలో, బాగా చలి ఉండే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల నాన్నది మా వీధి చివర ఇస్త్రీ బండి. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు వీడే. మొన్న చలికాలంలో ఫోన్ చేసి ఒక విచిత్రమైన ప్రశ్న అడిగాడు. "సార్, స్వెటర్ కింద ఫ్రెంచ్ కఫ్ చొక్కా వేసుకోకూడదా?"

జరిగిందేమిటంటే, వాడు మొదటి జీతంతో ఒక ఖరీదైన చొక్కా కొనుక్కున్నాడు. చలిగా ఉందని దాని మీద స్వెటర్ తొడుక్కుని ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ ఒక పెద్ద ఉద్యోగి నలుగురి ముందూ నవ్వి, "ఇలా వేసుకోకూడదు, మంచి ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు" అన్నాడట. ఎందుకు వేసుకోకూడదని వీడు అడిగితే వచ్చిన జవాబు: "అదంతే."

"అదంతే" అన్న మాట వినగానే హేతువాదికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. తిథి వారం చూడకుండా ప్రయాణం ఎందుకు చేయకూడదు? అదంతే. గ్రహణం పూట గర్భిణి ఎందుకు బయటికి రాకూడదు? అదంతే. ఈ మాట మన దేశానికే సొంతం కాదని, సూటూ బూటూ వేసుకున్నవాళ్ల నోట కూడా వస్తుందని తెలిసి నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది. అందుకని ఈ నిషేధం చరిత్ర ఏమిటో తవ్విచూద్దామనుకున్నాను. దేవుడు, దెయ్యం, జాతకం గురించి రాయాల్సిన చోట చొక్కా చేతుల గురించి ఏమిటని విసుక్కోకండి. చివరికి వచ్చేసరికి సంబంధం మీకే తెలుస్తుంది.

ముందు ఫ్రెంచ్ కఫ్ అంటే ఏమిటో చెప్పాలి. మామూలు చొక్కా చేతి చివర ఒక పట్టీ, దానికో గుండీ, ఒక కాజా ఉంటాయి. ఫ్రెంచ్ కఫ్‌కి గుండీ ఉండదు. పట్టీ రెండింతలు పొడుగ్గా ఉంటుంది. దాన్ని వెనక్కి మడిచి, రెండు అంచులూ కలిపి, నాలుగు కాజాల గుండా ఒక లోహపు లింకు దూర్చి బిగిస్తారు. ఇంగ్లండువాళ్లు దీన్ని డబుల్ కఫ్ అంటారు. పట్టీ సాధారణంగా రెండు పొరల గుడ్డ, మడిస్తే నాలుగు, అంచులు రెండూ కలిసిన చోట ఎనిమిది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇక చరిత్ర. యూరపులో కొన్ని వందల ఏళ్ల పాటు చొక్కా అంటే లోపలి బట్ట. పైన కోటు లాంటిది వేసుకునేవారు. మెడ దగ్గరా మణికట్టు దగ్గరా మాత్రం చొక్కా అంచు కాస్త బయటికి కనిపించేది. ఆ కనిపించే అంచు తెల్లగా ఉండటం మీద 16, 17 శతాబ్దాల్లో పెద్ద పట్టింపు మొదలైంది. ఎందుకు? ఇక్కడే మనకు పనికొచ్చే విషయం ఉంది.

ఆ రోజుల్లో వైద్యులు స్నానం ప్రమాదకరమని నమ్మేవారు. వేడినీళ్లు తగిలితే చర్మరంధ్రాలు తెరుచుకుంటాయి, ఆ తలుపుల్లోంచి ప్లేగు లోపలికి వస్తుంది అని వాళ్ల సిద్ధాంతం. ఫ్రెంచి చరిత్రకారుడు జార్జ్ విగరెల్లో 1985లో శుభ్రత చరిత్ర మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక ముచ్చట ఉంది. 1610లో ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ తన మంత్రి సల్లీ కోసం కబురుపెడితే, ఆయన స్నానం చేశాడని తెలిసింది. అయ్యో అయితే ఇల్లు కదలొద్దు, నేనే వస్తాను అని రాజు వర్తమానం పంపాడు. స్నానం చేసిన మనిషిని రోగిలా చూశారన్నమాట.

మరి ఒంటి మురికి పోయేదెలా? నారబట్ట పీల్చుకుంటుందన్నారు. 1624లో లూయీ సావో అనే వైద్యుడు భవన నిర్మాణం మీద రాసిన పుస్తకంలో, పూర్వం వాళ్లకి నారబట్టలు లేవు కాబట్టి స్నానశాలలు కట్టుకున్నారు, మనకి నారచొక్కాలు ఉన్నాయి కాబట్టి వాటి అవసరం లేదు అని వాదించాడు. అంటే చొక్కా మార్చడమే స్నానం. చేతి చివర తెల్లటి అంచు కనిపిస్తోందంటే లోపలి మనిషి శుభ్రంగా ఉన్నట్టే లెక్క. కఫ్ అలా ఒక తప్పుడు వైద్యసిద్ధాంతానికి సాక్ష్యపత్రంగా బయటికి వచ్చింది.

మనవాళ్లు నవ్వుకునే ముందు ఒక్కసారి మడిని తలుచుకోవాలి. చాకలి ఉతికి తెచ్చిన బట్ట మడికి పనికిరాదు, మళ్లీ నీళ్లలో జాడించి ఆరేయాలి. కానీ పట్టుబట్టకీ ధావళికీ రోజూ తడపక్కర్లేదు, అవి ఎప్పుడూ శుద్ధమే. ధావళి అంటే ఉన్ని బట్ట. ఉతికిన నూలు మైల, ఉతకని ఉన్ని మడి! బట్టలోని మురికినే చూసేవాడు ఈ సూత్రం కనిపెట్టగలడా? ఇక్కడ కొలుస్తున్నది మురికిని కాదు, ఉతికిన చేతుల కులాన్ని.

మళ్లీ యూరపుకి వద్దాం. తెల్లటి అంచు నిలబడాలంటే గంజి కావాలి. 1564లో నెదర్లాండ్స్ ప్రాంతం నుంచి లండన్ వచ్చిన డింగెన్ వాన్ డెర్ ప్లాస్సె అనే ఆవిడ ఇంగ్లీషువాళ్లకి గంజి పెట్టడం ఫీజు తీసుకుని నేర్పిందని అప్పటి చరిత్రకారులు రాశారు. తర్వాత మెడ చుట్టూ పళ్లెమంత కుచ్చుల పట్టీలు వచ్చాయి. ఫిలిప్ స్టబ్స్ అనే మతాభిమాని 1583లో గంజిని సైతాను ద్రవం అని తిట్టిపోశాడు. మన ఊళ్లలో పేదవాడు ఉప్పేసుకుని తాగిన గంజి అక్కడ సైతాను ద్రవమైంది!

ఎవరు ఏ బట్ట కట్టాలో చెప్పే చట్టాలు ఇంగ్లండులో 1604 దాకా ఉన్నాయి. 1571లో అయితే ఆరేళ్లు దాటిన మగవాళ్లందరూ, పెద్ద హోదా ఉన్నవాళ్లు తప్ప, ఆదివారాలూ పండగల్లోనూ ఇంగ్లండులో తయారైన ఉన్ని టోపీ పెట్టుకోవాలని చట్టం చేశారు. దేవుడి కోసం కాదు, ఉన్ని వ్యాపారం కోసం. 1597లో దాన్ని ఎత్తేశారు. 1604లో ఈ చట్టాలు పోయాక మర్యాద పేరుతో అదే పని జరిగింది. చట్టానికి కనీసం రాతప్రతి ఉంటుంది, కోర్టులో వాదించవచ్చు. మర్యాదకి అదీ లేదు.

చొక్కా చేతుల్ని మొదట్లో రిబ్బన్లతో, దారాలతో కట్టుకునేవారు. 17వ శతాబ్దం చివరికి చిన్న గొలుసుతో కలిపిన జంట గుండీలు వచ్చాయి. కఫ్ లింకులకి పూర్వీకులు అవే. మడిచే డబుల్ కఫ్ 19వ శతాబ్దంలో స్థిరపడింది.

దీని చుట్టూ కట్టుకథలు కూడా బాగానే అల్లారు. అలెగ్జాండర్ డ్యూమా 1844లో మొదలుపెట్టిన మాంటీక్రిస్టో నవలలో కథానాయకుడి చేతుల్ని వర్ణించాడనీ, అది చదివి పారిస్ దర్జీలు ఈ కఫ్ కనిపెట్టారనీ ఒక కథ. చెప్పేవాళ్లు ఏ అధ్యాయమో, ఏ దర్జీయో చెప్పరు. సైనికులు చేతికి ముక్కు తుడుచుకోకుండా నెపోలియన్ అక్కడ గుండీలు పెట్టించాడని ఇంకో కథ. ఇదే కథని ప్రష్యా రాజు ఫ్రెడరిక్ మీదా, నెల్సన్ మీదా కూడా చెబుతారు. ఒకే మహిమ నలుగురు బాబాల పేరున ప్రచారంలో ఉంటే మనం ఏం అనుకుంటామో ఇక్కడా అదే అనుకోవాలి.

19వ శతాబ్దంలో గుమస్తా ఉద్యోగాలు పెరిగాయి. తెల్ల చొక్కా కావాలి కానీ రోజూ ఉతికించుకునే స్తోమత లేదు. అందుకని కాలరూ కఫ్పులూ విడిగా ఊడదీసుకునేవి వచ్చాయి. చొక్కా వారమంతా అదే, అంచులు మాత్రం రోజూ మార్చుకోవచ్చు. ఇది 1827లో అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో హానా మాంటేగ్ అనే గృహిణి చేసిన పనితో మొదలైందని ఆ ఊరివాళ్లు చెబుతారు. భర్త చొక్కాలో మాసేది కాలరొక్కటే కాబట్టి దాన్ని కత్తిరించి విడిగా ఉతికిందట. ఆ ఊరు తర్వాత కాలర్ల పట్టణంగా పేరు పొందింది. 1870 ప్రాంతంలో హయత్ సోదరులు తయారుచేసిన సెల్యులాయిడ్‌తో కూడా కాలర్లు, కఫ్పులు చేశారు. ఉతకక్కర్లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. సెల్యులాయిడ్‌లో ముఖ్యమైన దినుసు కర్పూరం, ఇంకోటి నైట్రేట్ చేసిన సెల్యులోజ్. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పేద గుమస్తా మర్యాద కోసం మెడకి హారతి కట్టుకుని తిరిగాడన్నమాట.

ఈ తెల్లదనం వెనక ఎవరున్నారు? ట్రాయ్‌లో కాలర్లు, కఫ్పులు ఉతికి గంజిపెట్టి ఇస్త్రీ చేసినవాళ్లు ఎక్కువమంది ఐర్లండు నుంచి వలస వచ్చిన ఆడవాళ్లు. మరిగే నీళ్లు, బ్లీచింగ్ మందు, కాలే ఇస్త్రీపెట్టెలు, రోజుకి 12 నుంచి 14 గంటల పని. 1864 ఫిబ్రవరిలో కేట్ మలేనీ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి నాయకత్వంలో వాళ్లు సంఘం పెట్టుకుని సమ్మె చేశారు. కొద్ది రోజుల్లోనే యజమానులు దిగివచ్చి కూలి పెంచారు. అమెరికాలో నిలదొక్కుకున్న తొలి మహిళా కార్మిక సంఘాల్లో అది ఒకటి. తెల్ల కాలరు ఉద్యోగం అన్న మాట మనం ఈనాటికీ వాడుతున్నాం. ఆ కాలరుని తెల్లగా ఉంచిన చేతుల గురించి మాత్రం ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

ఇప్పుడు స్వెటర్ సంగతి. దీని పుట్టుక పూర్తిగా వేరే. అల్లిన ఉన్ని చొక్కాలు సముద్రం మీద పనిచేసే జాలర్లవీ, నావికులవీ. జెర్సీ, గెర్న్సీ అన్నవి ఇంగ్లిష్ చానల్లోని రెండు ద్వీపాలు. ఆ పేర్లే బట్టలకీ వచ్చాయి. స్వెటర్ అంటే మాటకి మాట చెమట పట్టించేది. ఆటగాళ్లు, పడవపందేలవాళ్లు కసరత్తు చేసేటప్పుడు చెమటోడ్చడానికి తొడుక్కున్న బట్ట అది.

ఉన్నికి కూడా ఒక దొంగ వైద్యం దొరికింది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గుస్తావ్ యేగర్ అనే జంతుశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. మనిషి ఆత్మ వాసనలో ఉంటుందని వాదించిన పెద్దమనిషి. నూలు, నార మొక్కల నుంచి వస్తాయి కాబట్టి ఒంట్లోని విషాల్ని పట్టి ఉంచుతాయి, ఉన్ని జంతువు నుంచి వస్తుంది కాబట్టి వాటిని బయటికి వదిలేస్తుంది, కనుక ఒంటికి ఉన్నే తగలాలి అని 1880లో ప్రచారం చేశాడు. 1884లో ఆయన పేరుతో లండన్లో వ్యాపారమే పెట్టారు. అన్నిటినీ ఎగతాళి చేసే బెర్నార్డ్ షా కూడా ఆ ఉన్ని సూటు కుట్టించుకుని తిరిగాడు. తెలివైనవాడు మూఢనమ్మకంలో పడడనేది కూడా ఒక మూఢనమ్మకమే.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 1624లో నారబట్ట విషాన్ని పీల్చి మనిషిని కాపాడుతుంది. 1880లో అదే నారబట్ట విషాన్ని పట్టి ఉంచి మనిషిని చంపుతుంది. రెంటికీ చదువుకున్నవాళ్లే సాక్షులు. రెంటికీ ప్రయోగం లేదు.

జాలరి స్వెటర్ దొరల ఒంటి మీదికి ఎలా వచ్చింది? ఒక రాకుమారుడు తొడుక్కున్నాడు కాబట్టి. 1922లో ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డ్ స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్ ఆడుతూ ఫెయిర్ ఐల్ రంగుల స్వెటర్ వేసుకున్నాడు. ఫెయిర్ ఐల్ అనేది షెట్‌లాండ్ ద్వీపాల్లో ఒకటి. ఆయన వేసుకోగానే అది ఫ్యాషన్ అయిపోయింది. ఆ షెట్‌లాండ్ ద్వీపాల్లోనే అల్లేవాళ్లకి వర్తకులు డబ్బు ఇవ్వకుండా టీ, గుడ్డ లాంటి సరుకులు ఇచ్చి సరిపెట్టేవారని 1872లో ప్రభుత్వ విచారణలోనే బయటపడింది. ఈ యువరాజు మనకి తెలియనివాడు కాదు. 1921 నవంబరు 17న ఆయన బొంబాయిలో దిగిన రోజునే జనం విదేశీ బట్టలు కుప్పపోసి తగలబెట్టారు. బట్ట ఉత్త బట్ట కాదని ఆ రోజు అందరికీ అర్థమైంది.

స్వెటర్‌కీ కట్టుకథ ఉంది. ఐర్లండు పక్కన ఆరన్ దీవుల్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉంటుందనీ, మునిగిపోయిన జాలరి శవాన్ని ఆ అల్లికని బట్టి గుర్తుపట్టేవారనీ అమ్మకందార్లు చెబుతారు. 1904లో మొదట ప్రదర్శించిన జె. ఎం. సింజ్ నాటకం ఒకదాంట్లో మునిగిపోయిన అబ్బాయిని మేజోడు అల్లికలోని కుట్ల లెక్కతో చెల్లెలు గుర్తుపడుతుంది. నాటకంలోని మేజోడు అంగట్లో స్వెటర్ అయింది, కల్పన వంశాచారం అయింది. ఆరన్ స్వెటర్ అని మనం అనేది 20వ శతాబ్దపు సరుకు. మన స్థలపురాణాలు కూడా చాలావరకు ఇలాగే తయారయ్యాయి.

ఇప్పుడు మా కుర్రాడి ప్రశ్నకి వద్దాం. ఫ్రెంచ్ కఫ్ సాయంత్రం విందులకి కోటు కింద వేసుకునే బట్ట, దొరది. స్వెటర్ చలిలో పనిచేసేవాడిది, తర్వాత మైదానంలో ఆటగాడిది. ఈ రెంటినీ కలపొద్దు అంటే అర్థం రెండు తరగతుల్ని కలపొద్దని. ఆ తరగతుల్లో జాలరి, చాకలి, గుమస్తా ఎవరూ ఈ నియమం చేసినవాళ్లు కారు.

అయితే న్యాయంగా మాట్లాడాలి. ప్రతి ఆచారం వెనకా కుట్రే ఉందనటం కూడా హేతువాదం కాదు. నిజమైన కారణం ఏదైనా ఉందేమో కూడా చూడాలి. నేను కుర్రాడి నాన్న దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నవ్వి, ఒక్క ముక్కలో చెప్పాడు. "దానికింత లొల్లెందుకు సార్? కఫ్ దొడ్డుగుంటది, స్వెటర్ చెయ్యి ఇరుకుంటది. ఇనుప లింకు ఉన్నికి తట్టుకుంటది, దారం గుంజుతది. గంతే."

అదీ జవాబు. ఎనిమిది పొరల గుడ్డ మణికట్టు దగ్గర బిగువుగా ఉండే అల్లికలో దూరదు, దూరినా ముద్దకడుతుంది. లోహం ఉన్నిని పీకుతుంది. కుర్రాడికి చెబితే వాడు రెండు స్వెటర్లతో చేసి చూశాడు. బిగుతు స్వెటర్లో ఉబ్బెత్తుగా కనిపించింది, ఒక పోగు కూడా లేచింది. వదులు స్వెటర్లో ఏ ఇబ్బందీ లేదు. లోహపు లింకు బదులు పట్టుదారం ముడి పెడితే పోగు కూడా లేవలేదు. కఫ్ బయటికి తీసి స్వెటర్ చేతి మీదికి మడిచినా ఇబ్బంది లేదు. అంటే ఇది నియమం కాదు, జాగ్రత్త. బిగుతుగా ఉంటే వద్దు, వదులుగా ఉంటే నిక్షేపంగా వేసుకో. జాగ్రత్తకి కారణం చెప్పవచ్చు, పరీక్షించవచ్చు, కారణం లేనిచోట వదిలేయవచ్చు. "అదంతే"కి ఈ మూడూ కుదరవు.

ఇంకో సంగతి గమనించారా? నలుగురి ముందు నవ్విన పెద్ద ఉద్యోగికి కారణం తెలియదు. చదువులేని ఇస్త్రీ ఆయనకి తెలుసు. వస్తువుతో పనిచేసేవాడికి కారణం తెలుస్తుంది, వస్తువుతో హోదా చూపించుకునేవాడికి నియమం మాత్రమే తెలుస్తుంది.

ఇదంతా పరాయి దేశపు గొడవ అనుకోవద్దు. మన వకీళ్లు మెడలో కట్టుకునే రెండు తెల్ల పట్టీలు ఆ 17వ శతాబ్దపు నార కాలరు అవశేషమే. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా చోట్ల వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదు. అంటే కింది కోర్టులో ఎండకి కనికరం ఉంది, పైకోర్టులో లేదు! 2014లో చెన్నైలో పంచె కట్టుకొచ్చాడని ఒక హైకోర్టు న్యాయమూర్తినే ఒక క్లబ్బు లోపలికి రానివ్వలేదు. ఆ గొడవ తర్వాత తమిళనాడు శాసనసభ ఇలాంటి ఆంక్షలకి వ్యతిరేకంగా అదే ఏడాది చట్టం చేయాల్సి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే నవ్వు రాదు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు ఒంటి పైభాగం కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడారు. బజార్లలో వాళ్ల రవికెలు చింపేశారు. 1859లో రాజు అనుమతి ఇచ్చాడు, అదీ పై కులాల ఆడవాళ్లలా కప్పుకోకూడదన్న షరతు మీద. అక్కడా జవాబు "అదంతే"నే. స్వెటర్ కింద కఫ్‌ని చూసి నవ్వటం, రవికె చింపటం ఒకటేనని నేననటం లేదు. ఒకటి చిన్న అవమానం, ఇంకోటి ఘోరం. కానీ రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్నలు అవే. ఈ నియమానికి కారణం ఏమిటి? ఆ కారణం ఇప్పుడూ ఉందా? దీనివల్ల ఎవరు బయట నిలబడాల్సి వస్తోంది?

మా కుర్రాడు ఆ చొక్కా మానేయలేదు. వదులు స్వెటర్ కొనుక్కున్నాడు. మళ్లీ ఎవరైనా అడిగితే ఏం చెబుతావన్నాను. "ఉన్ని, లింకు, ఎనిమిది పొరలు అని చెబుతా సార్. మా నాన్న చెప్పాడని కూడా చెబుతా" అన్నాడు. వాళ్ల నాన్న వృత్తి ఏమిటో ఇంతకాలం వాడు ఆ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదని నాకు అప్పుడే తెలిసింది.